ఇమ్రాన్ కోసం ప్రార్థన

బహ్రెయిన్‌లో మా చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు, ఒక శుక్రవారం తుబ్లీలోని తెలుగు క్రైస్తవ సహవాసానికి వెళ్లాను. నా పక్కన కూర్చున్న ఏసుదాసుది జగిత్యాల. ఒక రాయబారి ఇంటి గేటు దగ్గర ప్రైవేటు కంపెనీ సెక్యూరిటీ గార్డు.

ప్రార్థన మనవులు అడిగినప్పుడు అతను లేచాడు.

"మొన్న ఒక కారు ఆగమన్నా ఆగకుండ గేటు మీదికొచ్చింది. నా తోటి గార్డు ఇమ్రాన్ భాయ్ నన్ను పక్కకు నూకిండు. కారు ఆయన కాలు మీదికెళ్లి పోయింది. అంబాసిడర్ సారు పిల్లలు అప్పుడు లోపల ఆడుకుంటున్నరు. భాయ్ మళ్ల నడవాలని ప్రార్థన చెయ్యుండ్రి."

అందరూ మోకరించారు. ప్రార్థన ముగిశాక చూస్తే, వెనక వరసలో గడ్డం ఉన్న పెషావర్ మనిషి ఒకాయన, చంకకర్రలు పక్కన పెట్టుకుని, ఇంకా అరచేతులు చాచి కూర్చున్నాడు. ఆయనే ఇమ్రాన్.

"మీకు తెలుగు వచ్చా?" అని హిందీలో అడిగాను.

"రాదు భాయ్. నా పేరు వినబడినప్పుడల్లా ఆమీన్ అన్నాను."