చీర ఉంది, పేరు లేదు

విరుదునగర్ కొట్లో చిన్న పసుపు చీర చేతిలోకి తీసుకోగానే కొత్త గంజి వాసన కొట్టింది. పాత కోపం మళ్లీ లేచింది.

తమిళనాట కోవిల్‌పట్టి దగ్గర మా ఇంట్లో ఏటా ఇలాంటి చీరనే తాటాకు పెట్టెలో పెట్టి మొక్కేవాళ్లు. చిన్నప్పుడు అది నాకే అనుకుని కట్టుకోబోయాను. అవ్వ లాక్కుంది.

"నీది కాదే. ఎనకటికి రాజు మన పిల్లను పెండ్లికి అడిగితే ఇయ్యలేక మన పెద్దోళ్లందరూ తెలుగుసీమ ఇడిసి వచ్చిరి. దోవలో ఆ పిల్ల చచ్చిపాయ. ఇది ఆమెది."

తాత దండం పెడుతూ పెద్దల పేర్లు వరసగా చెప్పాడు. అన్నీ మగవాళ్లవే.

"ఆ పిల్ల పేరేంది తాతా?"

"సామి అయినామెకి పేరెందుకే?"

"మరి మీ తాతలకెందుకు?"

అవ్వ నా నోరు మూసింది.

నాకు నేనే చదువు నేర్చుకున్నాక గ్రంథాలయంలో మా వాళ్ల గురించి ఉన్నవన్నీ వెతికాను. రాజు పేరుంది, దాటిన ఏటి పేరుంది. ఆమె పేరు లేదు.

"చీర ఎవరికమ్మా?" అన్నాడు కొట్టతను.

ఎవరికని చెప్పను?