చేతిమీద తొమ్మిది అంగుళాలు

అమ్మమ్మ నలభై ఏళ్లుగా బట్టలు కుడుతోంది. అందులో సగం కాలం టేపు వెతకడానికే పోయింది. అది మెడలోనే వేలాడుతుంటే ఈవిడ మంచం కింద దూరేది. అరవై ఆరో ఏట విసుగెత్తి, ఎడమ చేతిమీద మణికట్టు నుంచి మోచేతి దాకా టేపునే పచ్చబొట్టు పొడిపించుకుంది. గీతలు నలుపు, అంకెలు ఎరుపు.

రెండు నెలలకి అంకెలు ఉబ్బి ఒకటే దురద. గీతలు మాత్రం బుద్ధిగా ఉన్నాయి. అమ్మమ్మ కుట్టుసుద్ద పొడి రాసి గుట్టుగా దాచింది. చర్మం వాస్తే అంగుళమూ సాగుతుందని తట్టలేదు. ఒకాయన చొక్కాకి కాలరు వదులైంది.

"నీ మెడే చిక్కింది నాయనా," అని దబాయించి పంపింది గానీ, చొక్కా మాత్రం తన దగ్గరే ఉంచుకుంది.

అమ్మ ఊరుకుంటుందా? "ఈ వయసులో నీకిదేం పనే అమ్మా! లేజరుతో చెరిపించెయ్."

"నా చెయ్యి, నా టేపు. నీకెందుకే?"

చర్మం డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది అమ్మ. ఆవిడ భూతద్దంతో చూసి, "ఎర్ర సిరా మీకు పడలేదు పెద్దమ్మా. లేజరు వద్దు, సిరా చెదిరి ఎలర్జీ ఒళ్లంతా పాకొచ్చు," అంది.

అమ్మమ్మ కూతురివైపు తిరిగింది. "విన్నావా? కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడేది!"

"మీరూ వినండి. సుద్ద రాస్తే ఒప్పుకోను. వేరే జబ్బు కాదని తేలాలంటే చిన్న ముక్క కోసి పరీక్షకి పంపాలి. ఏ అంకె తియ్యమంటారు?"

అమ్మమ్మ చేతిమీది తొమ్మిదింటినీ కడుపున పుట్టినవాటిలా చూసుకుంది.

"ఆరు. తలకిందులైతే తొమ్మిదిలా బుకాయిస్తుంది వెధవది."

రెండు కుట్లు పడ్డాయి. అమ్మమ్మ కళ్లజోడు సర్దుకుంది. "ఇంత ఎడం కుట్లా? నా దగ్గరైతే విప్పించేదాన్ని."

వేరే జబ్బేమీ లేదని తేలింది. పూతమందుకి దురద లొంగకపోయేసరికి, నెలకోసారి ఉబ్బుల్లోకే స్టెరాయిడ్ సూది. పొడిచినప్పుడల్లా తిట్లే. మూడో నెలకి అంకెలు అణిగాయి.

"మళ్లీ లేస్తే రండి. ఎర్ర సిరా జోలికి మాత్రం పోకండి," అంది డాక్టరమ్మ.

"ఆరు లేని టేపుతో ఏం కొలుస్తావే?" అమ్మ దెప్పింది.

"ఐదు తర్వాత ఏదో నాకు చెయ్యి చెప్పాలా?" అమ్మమ్మ మెడలోని టేపు తీసి చేతిమీద పరిచింది. కుట్టుపడ్డ చోట నూలువాసి తగ్గింది. అది మనసులో వేసుకుని, వదులైన ఆ చొక్కా కాలరు విప్పి మళ్లీ కుట్టింది.

అతికినట్టు సరిపోయింది. చొక్కా ఆయన ఏదో అనబోయాడు.

"చూశావా," అంది అమ్మమ్మ, "మెడ మళ్లీ ఒళ్లు చేసింది."