బావ శాంపిల్ పీస్

మొన్న ఆదివారం అక్క, బావ, నేను ఉప్పల్లో ఒక మాల్‌కి వెళ్ళాం. పరుపు కొనాలని వెళ్ళినవాళ్ళం, పై అంతస్తులో పిల్లల ఆటల దగ్గర ఆగిపోయాం. అక్కడ పాతకాలం వీడియో గేమ్ మెషిన్ ఒకటి కొత్తగా తయారుచేసి పెట్టారు. పైన ‘అచ్చం ఒరిజినల్’ అని మెరిసే బోర్డు. ఆ మాట కనబడ్డాక బావని ఆపడం ఎవరి తరం? యాభై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పి మరిచిపోయి మెషిన్ ముందు నిలబడ్డాడు. రెండు నిమిషాలు ఆడి నా వైపు తిరిగి, “గిది కరెక్ట్ లేదురా” అన్నాడు. అక్కా నేనూ ఒకరి మొహాలు ఒకరం చూసుకుని, నవ్వు ఆపుకోలేక ఐస్‌క్రీం కొట్టు వైపు నడిచాం.

తెలంగాణ రాకముందు సంగతి. నాచారంలో రెండు గదుల వాటాలో అక్కా బావా కొత్త కాపురం. చదువు పేరు చెప్పి నేనూ వాళ్ళ దగ్గరే ఉండేవాణ్ణి. బావ మల్లాపూర్‌లో పంపుల సామాను చేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ చెకింగ్. అక్కడ ‘శాంపిల్ పీస్’ అని ఒకటుంటుంది. దాన్ని నూనె గుడ్డలో చుట్టి దేవుడిలా దాచుకుంటారు. తయారైన ప్రతి సామానూ దానితో సరిపోవాలి. సరిపోతే పచ్చ రంగు చుక్క, లేకపోతే రిజెక్ట్. బావ ఆ బుద్ధిని సాయంత్రం టిఫిన్ డబ్బాతో పాటు ఇంటికి తెచ్చేవాడు. పచ్చిపులుసుకి వాళ్ళమ్మ చేసింది శాంపిల్ పీస్. అక్క చేసింది పెళ్ళయిన నాటి నుంచీ రిజెక్టే. చాయ్‌కి ఫ్యాక్టరీ గేటు ముందరి బండి శాంపిల్. చొక్కా ఇస్త్రీకి ఎవరో చచ్చిపోయిన చాకలాయన శాంపిల్. ఆయన్ని మళ్ళీ ఎక్కణ్ణుంచి తెస్తాం?

పెళ్ళికి ముందు బావ ఉప్పల్లో ఒక సందులోని వీడియో గేమ్ పార్లర్‌లో హీరో. కొండల మధ్య నుంచి విమానం నడుపుకుంటూ పోయి చివర కోట పగలగొట్టే ఆట, ఇప్పుడు మాల్‌లో పెట్టిందీ అదే. ఆ కోట దాకా వెళ్ళిన మొనగాడు బావ ఒక్కడే. పగలగొట్టినవాడు మాత్రం ఎవడూ లేడు. ఆ ముచ్చట మీద ఎన్నాళ్ళని బతుకుతాడు? చివరికి టీవీకి తగిలించుకునే గేమ్, ఆ ఆట క్యాసెట్ కొనుక్కొచ్చాడు. బావ డ్యూటీకి పోయాక మధ్యాహ్నాలు అక్క ఆడడం మొదలుపెట్టింది. అన్నం తిని, చెయ్యి కొంగుకి తుడుచుకుని కూర్చునేది. ఒకరోజు కోట కూలిపోయింది! అక్క ఆనందం పట్టలేక బావ వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడింది. బావ విని, చెప్పులు విడుస్తూ, “గిది అసలు గేమే కాదు” అన్నాడు.

ఆ ఇంట్లో ఒక్కదానిలోనైనా పచ్చ చుక్క పడాలని అక్క ఆశ. అది ఆటైనా సరే.

ఇక పరీక్షలు మొదలయ్యాయి. బావ ఫ్యాక్టరీ నుంచి స్టీలు స్కేలు తెచ్చి టీవీ అద్దం మీద విమానాన్ని కొలిచేవాడు. అద్దం తగిలి చేతి వెంట్రుకలు లేచి నిలబడేవి, అయినా వదిలేవాడు కాదు. కొండల రంగు పాలిపోయిందన్నాడు, బాంబు చప్పుడు పాపడం విరిగినట్టుందన్నాడు. పక్కింటివాళ్ళ సీడీ గేమ్ అరువు తెచ్చాడు. అందులోనూ అక్క కోట కొట్టింది. నా కంప్యూటర్లో అదే ఆట ఎక్కించాం. అందులోనూ కొట్టింది. బావ మూడింటినీ రిజెక్ట్ చేశాడు. “అన్నిట్లనూ ఇమానం ఎడమకు మస్తు అల్కగ పోతున్నది. అసలు దాంట్ల జోర్‌సే గుంజాలె. గదే కష్టం.”

“అయితే నడువు, అసలు దాంట్లనే ఆడుత,” అంది అక్క.

ఆదివారం ముగ్గురం కూరగాయలకని బయల్దేరి పార్లర్‌కి వెళ్ళాం. చీర కట్టుకున్న మనిషి ఆ గుమ్మం తొక్కడం అదే మొదలనుకుంటాను, లోపలి కుర్రాళ్ళంతా సిగరెట్లు వెనక్కి దాచారు. అక్క కొత్తిమీర సంచి మెషిన్‌కి తగిలించి ఆట మొదలుపెట్టింది. విమానం ఎడమకి తిరగనే లేదు. సంచి ఊగడం ఆగేలోపు అక్క ఆట అయిపోయింది.

“సూసినవా? అసలుది గిట్లుంటది,” అన్నాడు బావ, తనే కనిపెట్టినట్టు.

అక్క పార్లర్ ఆయన్ని అడిగింది. “అన్నా, గీ హ్యాండిల్ ఎడమకు ఎందుకు తిరుగుతలేదు?”

“అది శానా ఏండ్ల సంది ఖరాబే అక్కా. లోపల స్విచ్చు అరిగింది. పోరగాళ్ళకు అలవాటయిందని నేనూ ఇడిసిపెట్టిన.”

అక్క బావ వైపు తిరిగింది. “ఏమయ్యా, మీ ఫ్యాక్టరీల శాంపిల్ పీసే అరిగిపోతె ఏంజేస్తరు?”

బావ ఎంత మొండివాడైనా పని విషయంలో అబద్ధమాడడు. “కొత్తది దెస్తరు,” అన్నాడు. తనే స్క్రూడ్రైవర్ అడిగి తీసుకున్నాడు. కొత్త స్విచ్చు ఇన్నాళ్ళూ పార్లర్ ఆయన సొరుగులోనే ఉంది, అడిగినవాడే లేడు. బిగించాక ముందు బావే ఆడాడు. పాత అలవాటు కొద్దీ ఒళ్ళంతా వంచి గుంజేసరికి విమానం ఎడమ కొండకి గుద్దుకుని పేలిపోయింది. తర్వాత అక్క ఆడింది. కోట కూలింది. బావ చప్పట్లేమీ కొట్టలేదు. కొత్తిమీర సంచి తీసి తన భుజాన వేసుకున్నాడు. బయటికొస్తుంటే వెనక కుర్రాళ్ళ గోల: “అంకుల్, గేమ్ ఖరాబ్ జేసిండ్రు! మళ్ల ఎన్కటి లెక్క జేయుండ్రి!”

మర్నాడు సాయంత్రం బావ డ్యూటీ నుంచి వచ్చి, నేరుగా వెళ్ళి టీవీ దగ్గర కూర్చున్నాడు. లేచి వెళ్ళాక చూస్తే క్యాసెట్ మీద ఇంకా ఆరని పచ్చ చుక్క. అక్క దాన్ని చెరిగిపోకుండా రెండు వేళ్ళతో పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయింది. కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను, ఉల్లిపాయలని చెప్పింది. పచ్చిపులుసుకి మాత్రం చుక్క ఈనాటికీ పడలేదు.

మాల్‌లో ఐస్‌క్రీం అయిపోయి మేం తిరిగొచ్చేసరికి బావ ఇంకా ఆ మెషిన్ దగ్గరే ఉన్నాడు. “లెఫ్ట్‌కు మస్తు అల్కగ పోతున్నదిరా. అసలుది గిట్ల కాదు.”

“స్విచ్చు నువ్వే మార్చినవ్ గదయ్యా,” అంది అక్క.

“మారిస్తె ఏంది? నాకు యాదికున్నది గదే.”

నేనూ ఈమధ్య ఎవరితోనైనా ‘మా రోజుల్లో ఇలా కాదండీ’ అనబోతుంటాను. ఆ అరిగిన స్విచ్చు గుర్తొచ్చి నోరు మూసుకుంటాను. మూసుకున్నాక కూడా, మా రోజులే బాగుండేవని లోపల అనిపిస్తూనే ఉంటుంది.