దిగుట్లో ఎక్సలేటరు

మా వైపు ‘ఓవర్’ అంటే తిట్టు. ఆడపిల్ల గట్టిగా నవ్వితే ఓవరు, ఎదురు మాట్లాడితే ఓవరు. నేను పికప్పు నడుపుకుంటూ మదనపల్లె బజారులోకి వచ్చిన రోజు నుంచి ఆ మాట నాకు ఇంటిపేరైపోయింది. అననీ, వాళ్ల నోళ్లు నొప్పెట్టేదాకా అననీ అనుకునేదాన్ని.

ఆ పికప్పు ఫారిన్‌ది. డెబ్బైల్లో దేశం వదిలిపోతూ ఒక దొర, తన దగ్గర డ్రైవరుగా ఏళ్ల తరబడి పనిచేసిన మా నాయనకి దాన్ని ఇచ్చిపోయాడు. డాష్‌బోర్డు కింద ఒక చిన్న పిడి ఉండేది. లోపలికి తోస్తే ఓవర్‌డ్రైవు, బయటికి లాగితే మామూలు. కొన్నాళ్లకి నాయన కళ్లకి పొరలు కమ్మాయి. ఇంట్లో మగపిల్లలు లేరు. ఉన్నా నేర్చుకునేదాన్నే, అది వేరే సంగతి. నాయన పక్కన కూర్చుని, రోడ్డు కనిపించకపోయినా ఇంజను చప్పుడు వింటూ నాకు నేర్పించాడు.

“ఖాళీ బండి, సాపు రోడ్డు అయితేనే పిడి తోయి. ఇంజను మెల్లగా తిరుగుతాది, పెట్రోలు మిగులుతాది. ఎనక ట్రైలర్ ఉంటే మాత్రం దాని జోలికి పోవద్దు. ఎక్కుడులో లాగదు. దిగుట్లో నిదానంగా పోతా కాలు ఎత్తినావంటే, సైకిలు తొక్కడం ఆపినట్టే, ఇంజను చక్రాల్ని వదిలేస్తాది.”

“వదిలేస్తే మళ్లీ ఎట్లా నాయనా పట్టుకునేది?”

“ఎక్సలేటరు తొక్కాల. ఇంజను చక్రాల్ని అందుకున్నాక పిడి లాగాల. దిగుట్లో తొక్కాలంటే పానం పోతాది. అయినా తొక్కాల.”

మా మేనమామకి ఇదంతా నచ్చదు. అమ్మకి తమ్ముడు, మా ఇంటికి పెద్దరికం తానే చేయాలనుకునే మనిషి. ఓవర్ అంటే ఎక్కువ, ఎక్కువ అంటే బలం, అదీ ఆయన లెక్క. బస్టాండు దగ్గర టీ తాగే డ్రైవర్లందరిదీ అదే లెక్క. బరువున్నప్పుడే ఓవర్ తొయ్యాలని, నాకు చేతకాక ట్రైలర్‌ని రెండో గేరులో ఈడుస్తున్నానని ఊరంతా చాటేవాడు.

చివరికి ఒకరోజు నాయన ముందు కూర్చుని తేల్చేశాడు.

“సూడు బావా, ఈ పిల్లని కుప్పం మిల్లుకి సెనక్కాయల లోడు తోలమను. నేను పక్కన కూసుంటా. సరిగ్గా తోల్లేదంటే బండి తాళాలు నాకియ్యాల.”

నాయన సరేనన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ బండి పోతే నాకేం మిగులుతుంది? పొయ్యి, ఆ పొయ్యి ముందు పీట. స్టీరింగ్ పట్టిన చేతులు మళ్లీ ఊదుగొట్టం పట్టుకోవాలా? ససేమిరా అనుకున్నాను. ట్రైలర్ తగిలించి, కొక్కేనికి అడ్డంగా వేసే సీలని నేనే సరిచూసుకుని బయలుదేరాను.

పుంగనూరు దాకా మామ నోరు ఆగలేదు. “ఓవర్ తోయ్ మే, బండి మూలుగుతాండాది” అని ఒకటే పోరు. నేను పిడి ముట్టలేదు. పుంగనూరు దాటి, పలమనేరు ఇంకా రాకముందే ఒక పొడుగాటి దిగుడు వచ్చింది. కింద ఇరుకు కల్వర్టు, దాని మీద ఎద్దుల బండి నిదానంగా పోతోంది. నేను ముందే రెండో గేరులోకి దించాను. ఇంజను గుర్రుమంటూ బరువుని పట్టుకుంది.

“యాల అట్లా ఏడిపిస్తావు దాన్ని?” అంటూ మామ వంగి, నేను చూసేలోపే పిడిని లోపలికి తోసేశాడు.

అంతే, గుర్రు ఆగిపోయింది. బండి తేలికైపోయి జారుతోంది, వెనక నుంచి ట్రైలర్ తోస్తోంది. బ్రేకు తొక్కితే ట్రైలర్ తోక అడ్డం తిరుగుతున్నట్టు అనిపించింది.

“ఓర్నాయనో, బ్రేకు, బ్రేకు తొక్కు!” అని మామ అరుస్తున్నాడు.

కాలు బ్రేకు మీద నుంచి తీసి ఎక్సలేటరు తొక్కాను.

“సంపేస్తాండాదిరో!” అని మామ తలుపు పట్టుకున్నాడు. ఇంజను అరిచింది, వేగం అందుకుంది, చక్రాలకి తగులుకున్నట్టు పాదానికి తెలిసింది. పిడి లాగేశాను. కాలు ఎత్తగానే గుర్రు మళ్లీ మొదలైంది. అంత కమ్మటి చప్పుడు నేను ఏ గుడి పాటలోనూ వినలేదు, దేవుడు క్షమించాలి. కల్వర్టు దగ్గరికి చేరేసరికి ఎద్దుల బండి ఇంకా దాని మీదే ఉంది. దాని వెనక ఆగి హారన్ కొట్టాను.

కుప్పంలో మూటలు దించాను. తిరుగు దారి పొడుగునా మామ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. సిగ్గు తెచ్చుకున్నాడేమో అనుకున్నాను. సిగ్గా? నా మొహం! మదనపల్లెలో ఇంటి ముందు దిగాడో లేదో ఒంటికాలి మీద లేచాడు.

“బావా, నీ కూతురికి పిచ్చి పట్టిండాది. దిగుట్లో, లోడుతో, ఎక్సలేటరు తొక్కింది! నా కండ్లారా సూసినా. తాళాలు ఇటియ్యమను.”

ఆ మాటల్లో అబద్ధం ఒక్కటి కూడా లేదు. వీధిలోవాళ్లు చేరారు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పిడి ఎవరు తోశారో చెప్పడానికి నేను నోరు తెరిచాను. నాయన చెయ్యి ఎత్తి ఆపాడు. మసకబారిన కళ్లు నా గొంతు వచ్చే వైపు తిప్పాడు.

“తొక్కినావా?”

“తొక్కినా.”

“తొక్కి?”

“పిడి లాగినా.”

నాయన మొహం విప్పారింది. ఇక మామ వైపు తిరిగాడు.

“పిడి లోపల ఉంటేనే గదప్పా లాగేది. దాన్ని తోసిందెవురు?”

మామ పిడి తోసిన చేతిని వీపు వెనక పెట్టుకున్నాడు. నేను తాళాలు జాకెట్లో దోపుకుని, ట్రైలర్ విప్పడానికి వెళ్లాను.