మూడు దెబ్బలు

భద్రాచలం అవతల కొండమీది టూరిస్టు క్యాంపులో, వేసవి సెలవులకు గదులు సర్దే పనికి చేరినప్పుడు నాకు పని నేర్పింది అక్క. పక్క గూడెం మనిషి, నేను అక్కా అని పిలిచేవాణ్ణి. పరుపు ఎత్తేముందు మంచం కోడును కర్రతో మూడుసార్లు కొట్టి, ఊపిరి బిగబట్టి ఆగేది. లోపల ఏమైనా ఉంటే పోవడానికి దారి ఇవ్వాలట.

మాది ఖమ్మంలో కిరాణా కొట్టు. బేరమాడకపోతే నాకు తిన్నది అరగదు.

"రెండు కొడితే చాలదా అక్కా?"

"పోయి పాముతోని మాట్లాడుకో. అది ఒప్పుకుంటే నాకేంది."

చివరికి కొట్టడం నాకు, పరుపులు ఎత్తడం ఆమెకు అని కుదిరింది. లాభం నాదేనని మురిసిపోయాను.

ఒక మధ్యాహ్నం చివరి గదిలో, ఎండకు బద్ధకించి, కర్ర ఎత్తకుండానే "కొట్టినక్కా" అన్నాను. ఆమె నమ్మి పరుపు కిందికి మోచేతి దాకా చెయ్యి పోనిచ్చి, అక్కడే ఆగిపోయింది. రెండో చేత్తో, పరుపు అంచున వేలాడుతున్న పాము కుబుసాన్ని మెల్లగా తడిమింది. అది ఇంకా తడిగానే ఉంది.

"నిజంగ కొట్టినవా తమ్మీ?"

"లేదక్కా" అంటూ గబగబా కర్ర ఎత్తాను.

ఆమె తిట్టలేదు. పరుపు కింది చెయ్యి కదపకుండా, పెదవులతోనే అంది.

"ఇప్పుడు కొట్టకు."