వాన మేడమ్ సున్నాలు

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా సైన్సంటే నా పేరే చెప్పేవారు (మా బళ్ళో సైన్సు చెప్పేది నేనొక్కణ్ణే, బడి కూడా రెండు గదులు, ఓ రేకుల షెడ్డు). నేనుండే సైదాబాద్ గది నుంచి కొత్త ప్లాట్ల దుమ్ములో ఎల్బీనగర్‌లోని బడికి సైకిల్ తొక్కేసరికే సగం ప్రాణం పోయేది. ఓ రోజు హెడ్మాస్టరు పిలిచి, "మన కాలనీల వాన మేడమ్ ఉన్నది గదా, ఆమె గురించి పిల్లలకు పాఠం రాయి. మంచిగుంటే నౌకరీ పర్మినెంట్" అన్నారు. వానలు కొలిచే ఆఫీసులో చేరిన తొలి ఆడమనిషి ఆవిడ. రిటైరయ్యారు.

ఆవిణ్ణి కలవకుండానే రాసేశాను. తుఫానులో తాటిచెట్టెక్కి, నోటుపుస్తకం పళ్ళతో కరుచుకుని గాలివేగం కొలిచిందని! ప్రేయర్‌కి ఆవిణ్ణి పిలిపిస్తే, ఆవిడ ఎదుటే చదివాను. ఓ పిల్ల లేచి, "భయం కాలేదా మేడమ్?" అంది.

"నాకు చెట్టెక్కడం రాదమ్మా" అన్నారావిడ. "ముప్పై ఏళ్ళు రోజూ పొద్దున్నే వెళ్ళి డబ్బాలో వాన నీళ్ళు కొలిచాను. పడని రోజూ చూసి సున్నా రాశాను. మగవాళ్ళు నవ్వేవారు. ఆ సున్నాలు లేకపోతే కరువు సంగతి ఎవరికి తెలుస్తుంది?"

"పరువు తీసినవ్ గదయ్యా!" అన్నారు హెడ్మాస్టరు. మేడమే అడ్డుపడి, "బళ్ళో ఓ డబ్బా పెడతాను. వేసవి సెలవులన్నీ ఇతన్ని రోజూ చూసి రాయమనండి. పుస్తకం చూశాక మీ ఇష్టం" అన్నారు.

ఎండలో రోజూ అంత దూరం తొక్కడం, సున్నా వేయడం, ఈడ్చుకుంటూ తిరిగి రావడం. ఓ ఆదివారం ఒళ్ళు లేవలేదు. సైదాబాద్‌లో చినుకే లేదు కదా అని గదిలోనే సున్నా వేశాను. సోమవారం డబ్బాలో రెండు వేళ్ళ నీళ్ళు!

"శనివారం మాపటికి ఈడ దంచికొట్టింది సారూ, ఎరుక లేదా?" అంది బడి ఊడ్చే ఆయమ్మ.

డబ్బా వంచబోయి ఆగిపోయానని అందరికీ చెబుతుంటాను. ఆగాను, నిజమే. సగం పారబోశాక. ఇక కొలవడానికేముంది? సున్నా కొట్టేసి, "చూడలేదు. సగం పారబోశాను" అని రాశాను.

సెలవులయ్యాక మేడమ్ ఆ పేజీ మీద వేలు పెట్టారు. "చూడకుండా వేసింది ఇదొక్కటేనా?"

"ఒక్కటే మేడమ్."

సంతకం పెట్టి పుస్తకం హెడ్మాస్టరు చేతికిచ్చారు. "ఇతన్ని ఉండనివ్వండి. పాఠం మళ్ళీ రాయి నాయనా. ఈసారి చెట్టు వద్దు."

ఆ బళ్ళో ముప్పై ఏళ్ళు చేశాను (సరే, ఇరవై రెండు). ఇప్పటికీ రోజూ డాబా ఎక్కి డబ్బా చూస్తాను. రోజూ అంటే, మోకాళ్ళు ఒప్పుకున్న రోజు. ఒప్పుకోని రోజు "చూడలేదు" అని రాస్తాను. ఈమధ్య పుస్తకం నిండా అదే.