నేను ఏట్లో కలిపిన అక్షరాలు

నాకు అక్షరాలు వచ్చేసరికి యాభై మూడేళ్ళు నిండాయి. దానివల్ల కలిగిన మంచిని వీధంతా తిరిగి చెప్పుకున్నాను. కలిగిన చెడు కూడా ఒకటుంది. అది మా అప్పకి, అంటే మా అక్కకి, తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆమె నమ్మలేదు.

మాది ఒడిశాలోని రాయగడలో కిరాణా దుకాణం. మా మామగారు బొబ్బిలి వైపు నుంచి వచ్చి పెట్టినది. సరుకు ఆంధ్రా నుంచి పైకి వచ్చేది, కొనేవాళ్ళు కొండల మీద నుంచి కిందికి దిగేవాళ్ళు. సంత రోజున మా గుమ్మంలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. అన్నిటికంటే ముందు అమ్ముడుపోయేది గళ్ళుప్పు. ఆ ఉప్పు మా అప్ప పంపేది.

మా దుకాణానికి రెండు వీధుల వెనక నాగావళి పారుతుంది. అదే ఏరు పోయి పోయి శ్రీకాకుళం దాటాక సముద్రంలో కలుస్తుంది. ఆ కలిసే చోటుకి దగ్గరలోనే మా పుట్టిల్లు. అప్పని ఆ ఊళ్ళోనే ఇచ్చారు. బావ పోయాక ఆయన ఉప్పుమళ్ళు అప్పా, ఆమె కోడలూ చేసుకునేవారు. పోటు నీటిని కాలవలోంచి మడిలోకి పెట్టడం, ఎండనివ్వడం, తేలిన ఉప్పును పారతో లాగి గట్టు మీద కుప్ప పోయడం. వానలు పడేలోపు ఒక లారీ నిండా ఉప్పు మా దుకాణానికి వచ్చేది. మిగిలింది ఊరి చుట్టుపక్కల పోయేది కాని, అప్ప ఇల్లు నడిచేది మా లారీ మీదే. మేము వద్దంటే ఆ మళ్ళు ఉండవు. ఈ సంగతి ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

చదువు సంగతి చెప్తాను. మా వీధిలో ఒక టీచరమ్మ గారుండేవారు. కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన క్రైస్తవుల కుటుంబం. రిటైరయ్యాక మధ్యాహ్నాలు తోచక చదువురాని ఆడవాళ్ళం నలుగురిని వరండాలో కూర్చోబెట్టి తెలుగు మొదలుపెట్టారు. ముగ్గురు మానేశారు. నేను మానలేదు. గుణింతాలు అయ్యాక, "ఇంక నీకు పుస్తకాలెందుకమ్మా, దుకాణంలో కూర్చుని ప్యాకెట్లు చదువుకో. ఎక్కడో ఒక మూల తెలుగుంటుంది" అన్నారు. అలాగే చదివాను. సబ్బు పొడి, పసుపు, బిస్కెట్లు, షాంపూ. ఎవరి సాయం లేకుండా నేను చదివిన మొదటి పూర్తి వాక్యం, "చల్లని పొడి ప్రదేశంలో ఉంచండి." గట్టిగా చదివి వినిపిస్తే మా ఆయన రేకు కప్పు వైపు చూసి, "అయితే మన కొట్లో ఉంచకూడదన్నమాట" అన్నారు. ఆ రోజంతా నవ్వుకుంటూనే ఉన్నాను.

అక్షరాలు రాకముందు కూడా కాగితానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునేదాన్ని. అందరూ అద్దుకుంటారు, నేనూ అద్దుకున్నాను. అక్షరాలు వచ్చాక మాత్రం మా గుమ్మం ముందు పడే ఖాళీ కవర్లను చూస్తే ప్రాణం ఒప్పేది కాదు. జనం షాంపూ పొట్లం కొని అక్కడే పళ్ళతో చింపి, అరచేతిలో పిండుకుని ఏటికి స్నానానికి పోయేవారు. చింపిన మూలలూ, గుట్కా పొట్లాలూ, చిప్స్ కవర్లూ నేల మీద. వాటిని తొక్కుకుంటూ సంత నడిచేది. సాయంత్రం ఊడ్చినవాళ్ళు కాలవ మొదట్లో పోగేసి అగ్గి పెట్టేవారు. ఇన్నాళ్ళూ నాకది చెత్త. ఇప్పుడు నేను చదివిన అక్షరాలు నా కళ్ళ ముందే ముడుచుకుని కాలుతున్నాయి.

మా ఇళ్ళల్లో తొక్కకూడనిది, కాల్చకూడనిది ఏదైనా ఉంటే పారే నీళ్ళలో కలుపుతాం. పూజ పువ్వులు, పగిలిన దేవుడి పటం, పాత పంచాంగం, అన్నీ. నేనూ అదే చేశాను. రోజూ గుమ్మం ముందు కవర్లు ఏరి, తడి గుడ్డతో తుడిచి, ఖాళీ బియ్యం సంచిలో వేసేదాన్ని. శుక్రవారం తలంటు పోసుకుని, ఆ సంచి మోసుకుని రేవుకి వెళ్ళేదాన్ని. విసిరెయ్యలేదు. చిటికెడు పసుపు వేసి, గుప్పిళ్ళతో తీసి నీళ్ళలో వదిలి, దండం పెట్టుకున్నాను. రాళ్ళ మధ్య చిక్కుకున్నవాటిని కర్రతో తోసి మరీ సాగనంపాను.

టీచరమ్మ గారు మొదట్లో వేళాకోళం చేశారు. "అవి షాంపూ కవర్లమ్మా, వేదాలు కావు."

"అక్సరం అక్సరమే టీచరమ్మగోరూ. మీరే గదా నేర్పేరు," అన్నాను.

కొన్నాళ్ళకి ఆవిడ కూడా పాత బైబిలు వాక్యాల క్యాలెండర్లు కట్ట కట్టి తెచ్చి నా సంచిలో వేశారు. తరవాత పక్కింటివాళ్ళు ఇచ్చారు. ఆ తరవాత వీధిలో ఆడవాళ్ళు ఎవరి సంచి వాళ్ళే పట్టుకుని నాతో వచ్చేవారు. ఆరేళ్ళు అలా జరిగింది. మా వీధంత శుభ్రమైన వీధి ఊళ్ళో ఇంకోటి లేదనేవారు. నాకు గర్వంగా ఉండేది. ఎండాకాలం ఏరు సన్నబడితే కవర్లు ఇసకలో పడి ఎండేవి. పట్టుకుంటే పెళుసుగా విరిగేవి. వానలు పడి వరదొస్తే అన్నీ ఒక్కసారిగా ఊడ్చుకుపోయేవి. రేవు కడిగినట్టుండేది. ఏరు తీసుకుంది అనుకున్నాను. తీసుకుని ఎక్కడ పెడుతుందని ఒక్కసారైనా అడగలేదు. ఆ ఏటి చివర పుట్టినదాన్ని, నాకా మాత్రం తోచొద్దూ!

ఒక సంతనాడు, నా పెళ్ళయిన నాటి నుంచి మా దగ్గరే ఉప్పు కొంటున్న కొండ ముసలమ్మ, క్రితం వారం కొన్న ఉప్పును ఆకులో పొట్లం కట్టి తిరిగి తెచ్చింది. గల్లా ముందు విప్పి పెట్టి, కొండవాళ్ళు మాట్లాడే దేశియా ఒడియాలో ఒక మాటంది. తెలుగులో చెప్పాలంటే, "పిన్నీ, నీ ఉప్పుకి జరీ అంచు ఎప్పుడు నేయించావు?" చుట్టూ ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. నేనూ నవ్వి వంగి చూశాను. గళ్ళ మధ్యలో నలుసంత నలుసంత ఎర్రవి, పచ్చవి, తళతళలాడేవి. కూరలో వేస్తే పైకి తేలాయట. ఆ వారం ఇంకో నలుగురు తిరిగిచ్చారు.

మా ఆయన అప్పకి ఫోను చేశారు. మూడో రోజున అప్ప తనే రైలెక్కి వచ్చేసింది. గట్టు మీది కుప్పలో కొత్త ఉప్పు చిన్న సంచిలో తెచ్చింది. ఉప్పు చేతికివ్వకూడదు కనుక నా ముందు నేల మీద పెట్టి, కాళ్ళు కూడా కడుక్కోకుండా చేట అడిగింది. పెరట్లో ఇద్దరం చెరోవైపు కూర్చుని ఏరడం మొదలుపెట్టాం.

"నిరుటి నుంచీ వస్తంది," అంది అప్ప. "ముందర వల దారాలనుకున్నాను. తరవాత రంగులొచ్చేయి. పోటు నీరు మడిలో పెడతామా, నీరెండిపోతాది. ఇదెండదు గదా, ఉప్పులోనే ఉండిపోతాది."

"కడిగి సూడలేకపోయేవా అప్పా?"

"ఉప్పు కడిగితే ఏటి మిగుల్తాదే పిచ్చిమొకమా! కొట్టు పెట్టుకున్నావు, ఉప్పు సంగతి మర్సిపోయేవు."

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఒక నలుసును గోటి మీదికి తీసుకుని వెలుతురుకి పట్టాను. ఒక పక్క ఎరుపు, రెండో పక్క వెండి. దాని మీద అక్షరం లేదు. అక్షరం మిగిలేంత పెద్ద ముక్క ఆ చేటలో ఏదీ లేదు. కాని ఆ వెండిని నేను ఆరేళ్ళు తడి గుడ్డతో తుడిచాను.

"ఇది సముద్రానిది కాదే అమ్మి," అప్ప ఏరుతూనే అంది. "ఏటిది. ఏరు పొంగినేడే ఎక్కువొస్తంది. ఎగువనున్న ఏ ముండలు పారబోస్తన్నారో గాని, ఆళ్ళ సేతులు పడిపోను."

నా చేతులు చేటలోనే ఉన్నాయి. ఏరుతూనే ఉన్నాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆయన చెప్పేశారు. "ఒదినా, తప్పనుకోకు. సంతోళ్ళు తిరిగిచ్చేస్తన్నారు. ఉప్పు బాగోపోతే పప్పూ బాగోదనుకుంటారు. ఈ ఏడు లారీ వద్దు."

"ఈ ఒక్కేడూ తీసుకో బాబూ. నేనూ కోడలూ కూకోని ఏరి పంపుతాం."

"లారీడు ఉప్పు ఏరతావా?"

"ఏరతాను."

"బియ్యంలో రాళ్ళా ఒదినా అవి? కంటికి కనపడనివి ఎన్నున్నాయో."

అప్ప నా వైపు చూసింది. నేను ఒక్క మాట అంటే చాలు, మా ఆయన నా మాట తీసెయ్యరు. ఆ లారీ వచ్చేది. కాని తీసుకోండి అని నేనంటే ఎందుకు అని అడుగుతారు. ఎందుకో చెప్పాలంటే నా బియ్యం సంచుల దగ్గర నుంచి చెప్పాలి. పైగా ఆ ఉప్పు తిరిగి కొండ ముసలమ్మ కూరలోకే పోతుంది. ఇన్ని ఆలోచించాననుకుంటాను. నిజానికి ఆలోచించలేదు, భయపడ్డాను. అప్ప విస్తట్లో మజ్జిగ పోశాను. అంతే. ఆమె తినేసి లేచింది.

స్టేషనుకి నేనే తీసుకెళ్ళాను. బండి ఆలస్యం. బెంచీ మీద కూర్చున్నాక, ఆమె మొహం చూడకుండా అంతా చెప్పేశాను. అక్షరాలు, సంచులు, పసుపు, శుక్రవారాలు. చెప్తే తిడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆమె నా తల మీద చెయ్యి వేసింది.

"సదువొచ్చింది గదా, లోకంలో ఏటి జరిగినా నీవల్లే అనిపిస్తాది. ఎక్కడి రాయగడ, ఎక్కడి మా మళ్ళు! మజ్జిలో ఆనకట్ట లేదేటి? ఎన్ని ఊళ్ళున్నాయి! నీ సంచిడు కవర్లు అక్కడిదాకా నడిసొచ్చేయా?"

"వరదకి తలుపులెత్తేస్తారు గదప్పా..."

"ఊరుకోయే. మీ ఆయన ఒద్దన్నాడని నాకు బాదగా ఉంటాదని కతలల్లుతన్నావు."

బండి వచ్చింది. ఎక్కి కూర్చున్నాక ఆమె ఒక్కసారే నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంది. అది కవర్ల గురించి కాదు. మధ్యాహ్నం మజ్జిగ పోసి ఊరుకున్నందుకు. ఏటి ఒడ్డున ఎన్నో ఊళ్ళున్నాయన్నది నిజమే. ఆ చేటలో నలుసుల్లో ఏది ఎవరిదో చెప్పగలిగినవాళ్ళు లేరు. నాది లేదని చెప్పగలిగినవాళ్ళు కూడా లేరు. ఆమె నన్ను క్షమించడానికి కూడా ఒప్పుకోలేదు, ఎందుకంటే నేను ఒప్పుకున్న తప్పు ఆమె లెక్కలో తప్పే కాదు.

శుక్రవారాలు మానేశాను. వీధిలో ఆడవాళ్ళు మానలేదు. ఎందుకో మాత్రం చెప్పకుండా, ఏట్లో కలపొద్దని ఇంటింటికీ తిరిగి చెప్పాను. "నువ్వే గదేటి మొదలెట్టేవు? ఇప్పుడు నువ్వే ఒద్దంటన్నావు. నీ బక్తి అయిపోతే మాదీ అయిపోవాలా?" అని పక్కింటామె తలుపు వేసుకుంది. పోనీ ఏట్లో కాకపోతే ఎక్కడ వెయ్యాలి అని ఇంకొకామె నెమ్మదిగానే అడిగింది. కాల్చమని చెప్పలేను. గుమ్మంలో ఉంచుకోమని చెప్పలేను. అమ్మడం మానేద్దామని మా ఆయనతో అంటే, "షాంపూ పొట్లం లేని కొట్టుకి సంతోళ్ళెందుకొస్తారే?" అన్నారు. కొట్లో ఉప్పుండే మూలలో ఇప్పుడు ప్యాకెట్టు ఉప్పు పేర్చి ఉంది. తెల్లగా, మెత్తగా, నలుసు లేకుండా. కొండ ముసలమ్మ అదే కొంటోంది. ఆ ప్యాకెట్టు కూడా గుమ్మంలోనే చింపుతుంది.

ఆ ఏడాది వానలకి ముందే అప్ప మళ్ళని రొయ్యల చెరువులవాళ్ళకి ఇచ్చేసింది. కోడలు అదే చెరువుల దగ్గర కూలికి పోతోంది. అప్ప తనంతట తాను ఫోను చెయ్యదు. నేను చేస్తే ఎత్తుతుంది. ఎండలెలా ఉన్నాయి, మోకాళ్ళెలా ఉన్నాయి, అంతవరకే.

మొన్న చేశాను. ఏం వండావని అడిగాను.

"పప్పు దించేను. ఇంకా ఉప్పెయ్యలేదు. నిండుకుంది. కోడలు కొట్టుకెల్లింది తేడానికి."

అవతల పొయ్యి మీద ఏదో కుతకుతలాడుతోంది.

"ఇనపడతందా?" అంది అప్ప. "ఉప్పు కొనుక్కుంటన్నానే అమ్మి. నేను. ఉప్పు."